మిగిలిన మాత్రలు

మా కేంద్రానికి వచ్చే ఒక అక్క సంగతి ఇది. రెండేళ్ల కిందట ఆమెకు అంకెలు కూడా రావు. ఇప్పుడు మందుల చీటీ మీద తేదీ చదువుతుంది. మాత్రలు లెక్క పెడుతుంది.

అక్క వాళ్ల అత్తకు షుగరు ఉంది. కాలేయానికి కొవ్వు పట్టింది. కాలేయాన్నే మనం లివరు అంటాం. కొలెస్ట్రాల్ తగ్గడానికి డాక్టరు 30 మాత్రలు రాశాడు. రోజుకు ఒకటి వేసుకోవాలి. నెల తిరిగింది. అక్క డబ్బా తీసి చూసింది. ఇంకా 26 మాత్రలు ఉన్నాయి!

"అత్తా! నాలుగే వేసుకున్నావా?"

"ఆ మాత్ర లివరుకు పడదంట. పక్కింటామె చెప్పింది. అందుకే పసరు తాగుతున్నా."

అక్క గుండె గుభేలుమంది. మామ గుండెపోటుతోనే పోయాడు. మర్నాడే అత్తను ఆసుపత్రికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది.

"పెద్దమ్మా, కొలెస్ట్రాల్ ఒక రకం కొవ్వు. ఒంటికి కొంత కావాలి. చాలావరకు దాన్ని కాలేయమే తయారు చేస్తుంది. ఎక్కువైతే రక్తనాళాల్లో పేరుకుంటుంది. కాలువలో పూడిక పడితే నీళ్లు పారవు గదా. అలాగే గుండెకు రక్తం అందదు. అప్పుడే గుండెపోటు వస్తుంది."

"నేను చుక్క ముట్టలేదు. నాకు లివరు జబ్బు ఎందుకొచ్చిందమ్మా?"

"తాగనివాళ్లకూ వస్తుంది. షుగరు ఉన్నా, పొట్ట పెరిగినా కాలేయానికి కొవ్వు పడుతుంది. ఇలాంటివాళ్లలో ఎక్కువమంది ప్రాణం తీసేది గుండెజబ్బే. అందుకే ఈ మాత్ర. కాలేయానికి కొవ్వు పట్టినవాళ్లు దీన్ని వేసుకోవచ్చు. కాలేయం బాగా చెడి, కామెర్లు వచ్చినా, పొట్టలో నీరు చేరినా డాక్టరు చూసి మందు మారుస్తారు. నీ అంతట నువ్వు ఆపొద్దు. పసర్లు కొన్ని కాలేయాన్నే పాడు చేస్తాయి."

డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. కాలేయం బాగా చెడితే కొలెస్ట్రాల్ తయారు చేయలేదు. అప్పుడు రిపోర్టులో అంకె తగ్గుతుంది. అంకె తగ్గింది గదా అని సంబరపడకూడదు. డాక్టరుకు చూపించాలి.

అత్త పసరు మానేసింది. అక్క రోజూ రాత్రి మాత్ర ఇచ్చి, కేలెండరులో గీత పెట్టింది. ఆ నెల డబ్బా ఖాళీ అయింది.

గుర్తు పెట్టుకుందాం

1. సారా, కల్లు, బ్రాందీ ఏదైనా కాలేయానికి చేటే. బీడీ, చుట్ట గుండెకు చేటు.

2. నూనె తగ్గించాలి. నలుగురున్న ఇంటికి నెలకు 2 లీటర్లు చాలు. వేపుళ్లు, తీపి, కూల్‌డ్రింకులు తగ్గించాలి. ఆకుకూరలు, పప్పులు తినాలి.

3. రోజూ అరగంట గబగబా నడవాలి. 70 కిలోలున్న మనిషి మెల్లగా 5 కిలోలు తగ్గితే కాలేయంలో కొవ్వు బాగా తగ్గుతుంది.

4. ఛాతీ బరువెక్కడం, చెయ్యి లేక దవడ లాగడం, చెమటలు, ఆయాసం గుండెపోటు గుర్తులు. ఆడవాళ్లకు కొందరికి నీరసం, వాంతి వచ్చినట్టుంటుంది. గ్యాసులే అనుకోవద్దు. వెంటనే 108కి ఫోను చేయాలి.

5. కాలేయానికి కొవ్వు పట్టే జబ్బును కేంద్ర ప్రభుత్వం 2021లో షుగరు, గుండెజబ్బుల కార్యక్రమంలో చేర్చింది. 30 ఏళ్లు దాటినవాళ్లు ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు ఉచితంగా చూపించుకోవచ్చు.

చేద్దాం

బట్టలు కుట్టే అక్క దగ్గర టేపు తెచ్చుకోండి. ఒకరి నడుము ఒకరు కొలవండి. అంకె చదివి పలకమీద రాయండి. ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

మాట్లాడుకుందాం

1. అత్త మాత్ర ఎందుకు ఆపింది?

2. కాలేయం జబ్బు ఉన్నవాళ్లు గుండెను ఎందుకు చూసుకోవాలి?

3. మీ ఇంట్లో ఎవరు మాత్రలు వేసుకుంటున్నారు? ఎన్ని ఇచ్చారు? ఎన్ని మిగిలాయి? లెక్క పెట్టి రాయండి.