నివేదిక ప్రతి అందిందా?

ఉతైలో మా శాఖకు తెలుగు ఖాతాదారులు బాగానే వస్తుంటారు. భిలాయి పక్కనే కదా. ఈ మధ్య ఒకాయన పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించుకుని, కౌంటరు ఖాళీ అయ్యేదాకా ఆగి, సంచిలోంచి ఒక ఫైలు తీశారు. ఒక ప్రభుత్వ రంగ సంస్థలో ఇరవై రెండేళ్ల సర్వీసు, చివరి కాగితం డిస్మిస్ ఉత్తర్వు. (సంస్థ పేరు అనవసరం, ఉక్కు కర్మాగారం మాత్రం కాదు.) "బిలాస్‌పూర్ హైకోర్టుకు పోతే ఉద్యోగం తిరిగొస్తుందా సార్?" అని అడిగారు. వకీలును కలవమన్నాను. ఫైలు తిరగేస్తే ఛార్జిషీటు ఉంది, వాంగ్మూలాలు ఉన్నాయి, విచారణాధికారి నివేదిక లేదు. "ఇవ్వలేదండి. నేనూ అడగలేదు" అన్నారు.

సరిగ్గా ఆ కాగితం మీద నడిచిన కేసు మన హైదరాబాదుదే: ఇ.సి.ఐ.ఎల్. మేనేజింగ్ డైరెక్టర్ వర్సెస్ బి. కరుణాకర్. 1993 అక్టోబరు 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. 42వ సవరణ తర్వాత శిక్షపై రెండో షోకాజ్ నోటీసు అక్కర్లేదు కాబట్టి నివేదిక కూడా ఇవ్వనక్కర్లేదని చాలా యాజమాన్యాలు వాదించేవి. కోర్టు ఒప్పుకోలేదు. క్రమశిక్షణాధికారి తనే విచారణ జరపనప్పుడు, ఉద్యోగి దోషా కాదా అని తేల్చుకునే ముందు నివేదిక ప్రతి ఇచ్చి అతని మాట వినాలి. నియమాల్లో ఆ మాట లేకపోయినా ఇవ్వాలి. ఉద్యోగి అడగకపోయినా ఇవ్వాలి. 1990 నవంబరు 20 నాటి రంజాన్ ఖాన్ తీర్పు తర్వాత వెలువడిన శిక్షలకే ఇది వర్తిస్తుంది.

ఇంతవరకు అందరికీ గుర్తుంటుంది. తీర్పు రెండో సగమే మరిచిపోతాం. నివేదిక ఇవ్వనంత మాత్రాన శిక్ష దానంతటదే రద్దు కాదు. కోర్టు ఆ ప్రతిని ఉద్యోగికి ఇప్పించి, అది ముందే అందకపోవడం వల్ల నీకు జరిగిన నష్టమేమిటని అడగాలి. ఫలితం మారేది కాదని తేలితే జోక్యం ఉండదు. మారేదని తేలితే ఉద్యోగిని తిరిగి తీసుకోవాలి గాని, యాజమాన్యం సస్పెన్షన్‌లో ఉంచి, నివేదిక ఇచ్చే దశ నుంచి విచారణ కొనసాగించవచ్చు. పాత జీతం సంగతి చివర్లో తేలుతుంది.

హైకోర్టు అప్పీలు కోర్టు కాదని 1963లోనే ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ కేసులో (శ్రీరామారావు) సుప్రీంకోర్టు చెప్పింది. సాక్ష్యం కొంతైనా ఉంటే, అది సరిపోతుందా లేదా అని తూకం వేయదు. అవార్డు స్టాఫ్‌కు పారిశ్రామిక ట్రిబ్యునల్ దారి ఉంది. అక్కడ శిక్షను తగ్గించే అధికారం ఎక్కువ. ఆఫీసర్లమైన మనకు అది లేదు. బ్యాంకుకు నష్టం రాలేదు కదా అన్న వాదన కూడా నిలవదు: పరిధి దాటి అడ్వాన్సులు ఇవ్వడమే దుష్ప్రవర్తన అని 1996లో నికుంజ బిహారీ పట్నాయక్ కేసులో తేల్చేశారు.

విచారణాధికారులుగా కూర్చునే మిత్రులకు మాత్రం రూప్‌సింగ్ నేగీ తీర్పు (2008) ముఖ్యం. డ్రాఫ్టు పుస్తకం దొంగతనం ఆరోపణ, బ్యాంకు ప్యూను. పోలీసుల ముందు ఒప్పుకున్నాడన్న కాగితం ఫైలులో ఉంది. దాన్ని సాక్షి ద్వారా రుజువు చేయలేదు. శిక్ష నిలవలేదు. నా మొదటి విచారణలో నేనూ అదే పని చేశాను: దర్యాప్తు నివేదికను ఎగ్జిబిట్‌గా గుర్తించి, రాసినాయన్ను సాక్షిగా పిలవకుండానే ఆరోపణ రుజువైందని రాసేశాను. పై అధికారి వెనక్కి పంపారు. అప్పుడు చిన్నతనం అనిపించింది.

ఆయన్ను ఒక్కటే అడిగాను: "ఆ నివేదిక అప్పుడే చేతికొస్తే ఏం చెప్పేవారు?" కాసేపు ఆలోచించారు. ఆరోపణలోని తేదీన తను సెలవులో ఉన్నాననీ, సెలవు మంజూరు కాగితం ఇంట్లో ఉందనీ, విచారణలో ఎవరూ దాని గురించి అడగలేదనీ అన్నారు. వకీలుకు ముందు ఆ కాగితమే చూపించమన్నాను. మర్నాడు దాని జిరాక్సు తీసుకుని మళ్లీ వచ్చారు.