చెంచాడు నూనెతో అణువు కొలత

పదో తరగతి అవగానే ఫిజిక్స్‌కి ఒక దండం పెట్టేసినదాన్ని నేను. అణువు ఎంత ఉంటుందని అడిగితే "చాలా చిన్నది" అంటాను. చాలా అంటే ఎంత? మన వంటింటి లెక్కతోనే చెప్పొచ్చని ఈమధ్యే తెలిసింది.

ముందు ఒక పోలిక. రాళ్ళు ఏరడానికి చేటలో పెసలు పరుస్తాం కదా. ఎంత సర్దినా ఆ పరుపు ఒక గింజ కంటే పలచబడదు. పెసలు మొత్తం ఎన్నో, ఎంత చోటు పట్టాయో తెలిస్తే, విడిగా ఏ గింజనీ కొలవకుండానే దాని మందం ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. నీటి మీద నూనె కూడా అలాగే పరుచుకుంటూ పోయి, దాదాపు ఒక్క అణువు మందం దగ్గర ఆగుతుంది.

ఇప్పుడు లెక్క. లండన్ దగ్గరి క్లాఫమ్ చెరువులో ఒక టీ చెంచా నూనె పోస్తే, సుమారు అర ఎకరం మేర అలలు అణిగి నీళ్ళు నున్నగా అయ్యాయని బెంజమిన్ ఫ్రాంక్లిన్ రాశాడు. అది 1774లో అచ్చయింది. అర ఎకరం అంటే మన 50 సెంట్లు.

చెంచా నూనె: 5 ఘన సెంటీమీటర్లు.
అర ఎకరం: 2 కోట్ల చదరపు సెంటీమీటర్లు.
5ని 2 కోట్లతో భాగిస్తే: సెంటీమీటరులో 40 లక్షల వంతు.

తలవెంట్రుక మందంలో ఇది దాదాపు 30 వేల వంతు! ఫ్రాంక్లిన్ ఈ భాగహారం చెయ్యలేదు. 1890లో లార్డ్ రేలీ ఆలివ్ నూనెతో కొలిచి, ఈ దరిదాపుల్లోనే తేల్చాడు.

అయితే పోలికని చివరిదాకా లాగకూడదు. పెసర గింజ గుండ్రం. నూనె అణువు పొడుగు. ఒక కొసతో నీటిని పట్టుకుని నిలబడుతుంది. కాబట్టి మనకి దొరికింది దాని నిలువు కొలత, అదీ రమారమి. రెండింతలు అటూ ఇటూ కావచ్చు, కానీ "చాలా చిన్నది" అనే మాటకి ఒక అంకె వచ్చింది.

ఇదే దారిలో ఇంకొకరున్నారు. జర్మనీలో ఆగ్నెస్ పోకెల్స్ కాలంలో ఆడపిల్లలకి యూనివర్సిటీలో చోటు లేదు. ఆమె ఇంటిపని చేసుకుంటూనే, రేకు తొట్టిలో నీళ్ళు పోసి, జిడ్డు పడితే నీటి పైపొర ఎలా మారుతుందో కొలిచింది. 1891లో రేలీకి ఉత్తరం రాస్తే, ఆయన దాన్ని నేచర్ పత్రికలో వేయించాడు. మొదలుపెట్టినప్పుడు ఆమెకి దాదాపు మన వయసే.

నిన్న రాత్రి గిన్నెలు తోముతూ నూనె చుక్కని చూస్తూ నిలబడిపోయాను. అమ్మ తెలుగులో, నాన్న తమిళంలో ఒకే మాట అడిగారు: ఇంకా ఎంతసేపు? మీరూ చూడండి. సబ్బు చుక్క పడగానే నూనె పక్కకి ఎందుకు జరుగుతుందో తెలిస్తే వచ్చే సంచికకి రాయండి.