తాతయ్య ఫైల్లో తెలుగు ఏమైంది?

పిల్లలూ! 2015లో మూతపడిన బోధన్ నిజాం చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన తాతయ్య ఒకరు 1998లో తన అనుభవాలను నిజామాబాద్‌లో టైపు చేయించారనుకోండి. ఇప్పుడు మనవరాలు ఆ ఫైలు తెరిస్తే అంతా ఇంగ్లీషు అక్షరాల చిందరవందరే! ఫైలు చెడిపోయిందా? లేదు.

కంప్యూటరు దాచుకునేది అంకెలను. ఇంగ్లీషు పెద్ద 'ఎ'కు 65. ఆనాటి అచ్చాఫీసు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల అంకెలకే తెలుగు ముక్కలను తొడిగేవి. తలకట్టుకో అంకె, ఒత్తుకో అంకె. ఏ ఫాంటు దారి దానిదే. ఆ ఫాంటు లేని కంప్యూటరు 65ను చూసి తనకు తెలిసిన 'ఎ'నే చూపుతుంది. పాపం, దాని తప్పేముంది!

యూనికోడ్ పట్టికలో 1991 నుంచి తెలుగుకు సొంత అంకెలున్నాయి. 'బోధన్' అంటే 3116, 3147, 3111, 3112, 3149. సరిచూడండి: బ, ఓత్వం, ధ, న, పొల్లు. ఫాంటు మారినా ఇవి మారవు.

వర్డ్ కూడా 2007లో ఫైలు కట్టే తీరు మార్చింది. అయినా కొత్త వర్డ్ పాత ఫైలును తెరవగలదు. అసలు చిక్కు ఫాంటుదే. ముందు ఫైలుకు నకలు తీయండి. ఫాంటు పేటికలో పాత ఫాంటు పేరు చూసి, దానికి తగిన మార్పిడి ప్రోగ్రాముతో యూనికోడ్‌లోకి మార్చండి. ఆ ప్రతిని తాతయ్యతో చదివించండి. ఒత్తులు తారుమారైతే ఆయనే పట్టుకుంటారు.