బొమ్మకు వరుస నేర్పడం

జూన్‌లో మన స్టేషన్ ఘన్‌పూర్ హాస్టల్‌కు కొత్తగా వచ్చిన పిల్లవాణ్ణి గమనించండి. మొదటి రోజు ట్రంకు పెట్టె మీద కూర్చుని బిక్కమొహం వేస్తాడు. వారం తిరిగేసరికి ఎవరు అన్న, ఎవరు సార్, వంట చేసే ఆమెను అక్కా అనాలా అమ్మా అనాలా, అన్నీ తెలిసిపోతాయి. ఎవరూ పాఠం చెప్పరు. కంప్యూటర్లో సృష్టించే పాత్రలకు మాత్రం ఈ పాఠం చెప్పాలి.

2023లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్, గూగుల్ పరిశోధకులు తెరమీద చిన్న ఊరు కట్టి 25 పాత్రలను పెట్టారు. ప్రతి పాత్రకూ చూసినవి, విన్నవి రాసుకునే జ్ఞాపకాల చిట్టా ఉంటుంది. ఏదైనా చేసేముందు అందులోంచి ఇటీవలివి, ముఖ్యమైనవి, సందర్భానికి తగినవి వెతికి తీసుకుంటుంది. ఒక పాత్రకు విందు ఇవ్వాలన్న కోరిక మాత్రం వాళ్ళు పెట్టారు. ఆ కబురు నోటినోటా పాకింది. పిలుపు అందిన 12 మందిలో వచ్చింది అయిదుగురే! రానివాళ్ళలో ముగ్గురు వేరే పని ఉందన్నారు. మాకైతే ఈ ముగ్గురే అచ్చం మనుషుల్లా అనిపించారు.

ఒక లోపం కూడా బయటపడింది. ఒక భార్య సొంత భర్తనే కొత్త మనిషిని పలకరించినట్టు మర్యాదగా పలకరించింది. 'యూ' ఒక్కటే ఉన్న ఇంగ్లీషులోనే ఇలా ఉంటే, నువ్వు, మీరు, వాడు, అతను, ఆయన అని ఇన్ని మెట్లున్న తెలుగులో ఎలా ఉంటుంది? తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఎలా పిలుచుకుంటారో విన్నవాళ్ళకు పిలుపు విలువ వేరే చెప్పనక్కరలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ పాత్రలు మనుషుల రాతల నుంచే మాట నేర్చుకుంటాయి. పాత కథల్లో దొర కొడుకు పదేళ్ళవాడైనా ముసలి జీతగాణ్ణి 'ఒరేయ్' అంటాడు, ముసలాయన 'దొరా' అంటాడు. మన తాతలు పడ్డదే అది. ఆనాటి కథ చెప్పే బొమ్మ అలాగే పిలవాలి, దాచకూడదు. కానీ రేపు ఆసుపత్రిలో చీటీ రాసే బొమ్మ మన అమ్మను 'నువ్వు' అని, వెనక నిలబడ్డ ఇస్త్రీ చొక్కా ఆయన్ను 'మీరు' అంటే? అందుకే పిలుపును నిర్ణయించేది వయసు, పరిచయం కావాలి. బట్టలూ యాసా కాకూడదు. తెలంగాణ యాసను సినిమాలు ఏళ్ళ తరబడి రౌడీకీ, హాస్యగాడికీ అంటగట్టిన సంగతి మనం మరిచిపోలేదు.

కంప్యూటర్ చదివే తమ్ముళ్ళు ఒక పని చేయండి. ఒక రాత్రి భోజనాల వరుసలో ఎవరు ఎవరిని ఏమని పిలిచారో రాసుకోండి. నిన్నటిదాకా 'అన్నా' అన్నవాడు ఇవాళ పేరు పెట్టి పిలిస్తే, నడుమ ఏం జరిగిందో కనుక్కుని పక్కనే రాయండి.