విమానం ఎక్కకముందే తేల్చుకోవాల్సిన లెక్కలు

పలాస, టెక్కలి, సోంపేట, కవిటి వైపు ఏ ఊరికెళ్లినా గల్ఫ్‌కో మలేషియాకో వెళ్లొచ్చిన వెల్డరో, ఫిట్టరో, రిగ్గరో కనిపిస్తాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఇక్కడి ఉద్దానం ప్రాంతంలోని కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేశాక, ఊళ్లోనే ఉంటే గడవని ఇళ్లు చాలానే ఉన్నాయి. అందుకే వెళ్లాలా వద్దా అన్న చర్చలోకి నేను పోను. కానీ వెళ్లి నిరాశపడి తిరిగొచ్చినవాళ్ల కథలు వింటే దాదాపు అన్నిటిలోనూ తప్పు ఇక్కడే, కాగితాల దగ్గరే జరిగి ఉంటుంది.

మొదట వీసా రకం చూడండి. “ముందు విజిట్ వీసా మీద దిగు, అక్కడ వర్క్ పర్మిట్‌కి మార్పిస్తాం” అని ఏజెంటు అంటే మాట అక్కడితో ఆపేయండి. కొన్ని దేశాల్లో అలా మార్చుకునే వీలున్నా, మార్చాల్సింది కంపెనీ. అది మార్చకపోతే గడువు తీరిన మర్నాటి నుంచి మీరు చట్టవిరుద్ధంగా ఉన్నట్టే. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి భయపడతారు. ఆ భయమే అలాంటి కంపెనీలకు పెట్టుబడి.

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు గుర్తుంచుకోండి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లను టూరిస్టు వీసాల మీద పంపారు. అక్కడ గదుల్లో పెట్టి, మన దేశంలోని వాళ్లకే ఫోన్లు చేయించి సైబర్ మోసాలు చేయించారు. చదువుకున్న పిల్లలే ఇరుక్కున్నారు. టైపింగ్ పనికి తెలియని దేశంలో అంత జీతం ఎందుకిస్తారన్న ప్రశ్న ఇంట్లో ఎవరో ఒకరు వేసుకోవాలి.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. పదో తరగతి పాస్ కానివాళ్లు సౌదీ, కువైట్, ఖతర్, మలేషియా వంటి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. కాంట్రాక్టు, కంపెనీ వివరాలు అప్పుడు ప్రభుత్వం చూస్తుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద పది లక్షల రూపాయల బీమా కూడా వస్తుంది. మన ఐటీఐ కుర్రాళ్లు చాలామంది పది పాసైనవాళ్లే కాబట్టి వాళ్లకు ఆ తనిఖీ లేదు. పైగా కంబోడియా ఆ 18లో లేదు. అంటే మీ కాగితాలు మీరే చూసుకోవాలి.

ఏజెంటు లైసెన్సు నంబరు అడిగి ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూడండి. ఊళ్లో తిరిగే మధ్యవర్తికి లైసెన్సు ఉండదు, “ముంబై ఆఫీసు మాదే” అంటాడు. ఆ ఆఫీసుకే ఫోన్ చేసి మీ పేరు, పోస్టు అడగండి. లైసెన్సు ఉన్న ఏజెంటైనా తీసుకోదగ్గ సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. చేతికి నగదు ఇవ్వకండి. బ్యాంకు ద్వారా పంపి రసీదు తీసుకోండి.

ఏజెంటు లక్షన్నర అడిగాడనుకుందాం. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తే నెలకు 4,500 వడ్డీకే పోతుంది. 35,000 జీతమని చెప్పి, దిగాక 22,000 బేసిక్ అంటే, తిండికి 6,000 తీసేస్తే, వడ్డీ కట్టాక మిగిలేది 11,500. అసలు తీర్చాలంటే అదంతా పంపినా ఏడాది దాటుతుంది. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే రెండు మూడు నెలల షట్‌డౌన్ పనికైతే ఆ అప్పు తీరే దారే లేదు. జీతం అడిగేటప్పుడు బేసిక్ ఎంత, ఓటీ ఎంత, తిండి, గది, తిరుగు టికెట్ ఎవరివి అని విడివిడిగా అడగండి. ట్రేడ్ టెస్టు సిక్స్ జీ వెల్డర్‌గా పాసై, వీసా మీద లేబర్ అని ఉంటే ఎక్కకండి. అక్కడ చెల్లేది వీసా మీద ఉన్న పోస్టే.

ఉద్దానం వాళ్లు ఒకటి అదనంగా చేయాలి. డబ్బు కట్టకముందే సీరం క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. ఇక్కడ చాలామందికి వచ్చే కిడ్నీ జబ్బు చాలాకాలం బయటపడదు. గల్ఫ్ ఎండలో నీళ్లు చాలక ఒళ్లు దెబ్బతింటే అక్కడ వైద్యం, ఇక్కడ అప్పు రెండూ మీద పడతాయి. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. ఆ సంగతి తెలిసి ఉంటే సూపర్‌వైజరును అడగగలరు.

అక్కడ జీతం రాకపోతే కోపంలో కంపెనీ వదిలి బయట పనికి పోకండి. సౌదీలో కంపెనీ హురూబ్ పెట్టిందంటే, అంటే పారిపోయాడని రిపోర్టు చేసిందంటే, న్యాయం మీవైపున్నా ఇంటికి రావడమే కష్టమవుతుంది. కాంట్రాక్టు, వీసా, పాస్‌పోర్టు ఫోటోలు ఇంట్లో ఒకరి ఫోన్లో ఉంచి వెళ్లండి. రాయబార కార్యాలయానికి రాయండి, ప్రభుత్వ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టమని ఇంటివాళ్లకు చెప్పండి.

సందేహం ఉంటే డబ్బు కట్టకముందే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090కి ఫోన్ చేసి అడగండి. “రేపే ఆఖరి రోజు, ఈ రాత్రికే కట్టాలి” అని తొందరపెట్టే ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.