తరగతిలో శ్రవ్యపాఠం: జాలరిపేట పలుకు

పాణినీయ శిక్ష పాఠకాధములను ఆరుగురిగా లెక్కించింది. రాగం తీసేవాడు, త్వరపడేవాడు, తల ఊపేవాడు, అర్థమెరుగనివాడు, గొంతు పెగలనివాడు. వీరి సరసననే వ్రాసినదానిని చూచి చదివేవానిని కూడా నిలిపింది. గ్రంథం కంటె గురుముఖమే ప్రమాణమన్న దృష్టి ఇందులో స్పష్టం. పద, క్రమ, జటా, ఘన పాఠాలన్నీ ఆ దృష్టికి ఫలాలే. తెలుగు వ్యాకరణం మాత్రం తరగతిలో ఎక్కువగా కంటితోనే చదువబడుతున్నది.

పాడ్‌కాస్ట్ అనే సాధనాన్ని ఈ నేపథ్యంలో పరిశీలించవలసి ఉన్నది. ఈ మాట 2004లో బెన్ హామర్స్‌లీ అనే బ్రిటిష్ పాత్రికేయుని వ్యాసంలో వెలువడింది. ఆ సంవత్సరమే అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం కొత్త విద్యార్థులకు సుమారు 1,600 ఐపాడ్‌లను పంచిపెట్టింది. చెవి ద్వారా పాఠం చెప్పడం ఆకాశవాణి ఎరిగిన విద్యయే. అయితే ఆకాశవాణి పాఠం ఒకమారు వినిపించి వెళ్లిపోయేది; ఇది కోరినచోట ఆగుతుంది, కోరినన్ని మార్లు తిరిగి పలుకుతుంది. వర్ణబోధకు ఈ పునఃశ్రవణమే ప్రాణం. తెలుగులో కిరణ్‌ప్రభ సాహిత్య ప్రసంగాలు, హర్షణీయం కథాపఠనాలు వంటివి ఇప్పటికే లభిస్తున్నవి. కాని వాటిని వినిపించి ఊరకుంటే, ఒక ఉపన్యాసానికి బదులు మరొక ఉపన్యాసం విన్నట్లే అవుతుంది.

విశాఖ సముద్రతీరాన ఉన్న జాలరిపేట వంటి చోటు ఈ బోధకు మేలైన ఆకరం. ఉత్తరాంధ్ర తీరంలోని జనవ్యవహారంలో 'చేప' 'సేప' అవుతుంది, 'చెట్టు' 'సెట్టు' అవుతుంది. తరగతిలో విద్యార్థి ఇట్లా పలికితే దానిని ఉచ్చారణదోషంగా దిద్దడం పరిపాటి. కాని ఆ తరగతిలోనే బాలవ్యాకరణం తెరచి గసడదవాదేశం బోధిస్తారు. కాలు, చేతులు కలిసి 'కాలుసేతులు' అయినప్పుడు చకారానికి సకారం శాస్త్రసమ్మతం. యతిమైత్రిలో చ, స లు ఒకే వర్గంలో నిలుస్తాయి. కవికి చెల్లిన మైత్రి జాలరి బిడ్డకు తప్పెందుకయిందో చెప్పవలసిన బాధ్యత బోధకునిది.

ఈ రెండూ ఒకటే అనడం మాత్రం పొరపాటు. ఆదేశం ద్వంద్వసమాసం, ప్రథమాంతపదం వంటి సందర్భాలకు కట్టుబడినది. వ్యవహారంలో పదాదిన పూర్వపదాపేక్ష లేకుండానే సకారం వస్తున్నది. ఈ భేదాన్ని సూత్రంతో చెప్పడం కంటె రెండు నిమిషాల ధ్వనిముద్రణతో వినిపించడం సులభం. మరొక సూక్ష్మం కూడా ఉన్నది. ప్రామాణికోచ్చారణలో 'చేప' చకారం తాలవ్యం, 'చాప' చకారం దంత్యం. పూర్వులు దంత్యానికి ౘ అని వేరు గుర్తు పెట్టినా నేటి సాధారణ ముద్రణలో అది కనిపించదు. లిపి దాచినదానిని చెవి పట్టుకుంటుంది. జాలరిపేట పలుకులో ఈ రెండు చకారాలూ ఒకే తీరున మారుతున్నవా, వేరువేరుగానా అన్నది విద్యార్థులే విని తేల్చదగిన ప్రశ్న.

ఆచరణకు అనువైన కాలమూ ఉన్నది. తూర్పుతీరంలో యాంత్రిక, మోటారు పడవలకు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. అప్పుడు ఆ పడవలవారు ఒడ్డుననే ఉంటారు. వల బాగుచేస్తూనో, తెప్ప కట్టే తీరు వివరిస్తూనో వారు చెప్పే మాట ముద్రించుకోవచ్చును. అయితే నిషేధకాలం వారికి తీరిక కాదు, ఆదాయం ఆగిన కాలం. అందువల్ల ముందుగా అనుమతి పొంది, వారు వెచ్చించిన పొద్దుకు తగిన ప్రతిఫలం ఇవ్వడం న్యాయం. ముద్రణ ఎవరెవరు వింటారో కూడా వారికి తెలియజెప్పాలి.

తరగతిలో మొదట లిఖితప్రతి ఇవ్వరాదు. ఇస్తే విద్యార్థి కన్ను ముందు నడుస్తుంది, చెవి వెనుకబడుతుంది. రెండుమార్లు విన్నాక ఎవరికి వారు వ్రాయాలి; ఆపైన ప్రతులు పోల్చి, భేదించినచోట మళ్లీ వినాలి. 'సేప' అని వినిపించినచోట అలవాటు కొద్దీ 'చేప' అని వ్రాసినవారు ఒకరిద్దరైనా తేలుతారు. అసలు చర్చ ఆ ప్రతుల దగ్గరనే ఆరంభించాలి.