నేలకొరిగిన సైనికుల కొరకు మనం ఎందుకు ప్రార్థించాలి?



నవంబరు నెలలో మన విచారణల్లో మృతుల పేర్లు కాగితంపై రాసి ఇస్తాం. నాన్న, అమ్మ, మేనత్త, చిన్నతనంలోనే పోయిన తమ్ముడు... ఆ పేర్ల కోసం గురువులు దివ్యబలిపూజలు సమర్పిస్తారు. మీరు కిందటిసారి ఎవరెవరి పేర్లు రాశారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వాటిలో ఒక్క సైనికుని పేరైనా ఉందా?

"మా ఇంట్లో మిలిటరీలో ఎవరూ లేరండీ" అంటారేమో. లాలాగూడలో ఉంటూ ఆ మాట అని తప్పించుకోవడం కష్టం. 1893లో నిజాం రైల్వే వారు వర్క్‌షాపు పెట్టిన నాటి నుండి మనది రైల్వే పేటే, నిజమే. కానీ సికిందరాబాదు పుట్టిందే కంటోన్మెంటుగా. 1850లో పూర్తయిన సెయింట్ మేరీస్ దేవాలయాన్ని కట్టించిన దానియేలు మర్ఫీ గురువులు ఐర్లండువారు. ఆనాటి విశ్వాసుల్లో కంటోన్మెంటులోని ఐరిష్ సైనికులూ ఉన్నారు. అంటే మన జంటనగరాల్లో శ్రీసభ తొలి బెంచీల మీద సిపాయిలు కూర్చున్నారన్నమాట. ఈనాటికీ రైల్వే పెన్షను తీసుకునే తాతయ్య పక్కింట్లోనే మిలిటరీ పెన్షను తీసుకునే తాతయ్య ఉంటాడు.

యుద్ధంలో చనిపోయినవారి కోసం ప్రార్థించడం కొత్తగా వచ్చిన ఆచారం కాదు. మృతుల కోసం ప్రార్థించవచ్చునని చెప్పడానికి మనం చూపించే పరిశుద్ధ గ్రంథ భాగమే ఒక యుద్ధభూమిలో జరిగిన సంఘటన (2 మక్క 12:38-46). పోరు ముగిసిన తర్వాత యూదా మక్కబీయుడు తన వారి శవాలను పాతిపెట్టడానికి వెళ్ళాడు. చనిపోయిన ప్రతివాని అంగీ క్రింద యామ్నియా విగ్రహాల తాయెత్తులు కనిపించాయి. అది ధర్మశాస్త్రం నిషేధించిన పని. "వీళ్ళకు తగిన శాస్తే జరిగింది" అని ఆయన వెనుదిరగలేదు. అందరి దగ్గరా చందా పోగుచేసి, రెండువేల వెండి నాణెములు యెరూషలేముకు పంపి, వారి పాపపరిహారం కోసం బలి అర్పింపజేశాడు.

ఇక్కడ ఒక క్షణం ఆగి ఆలోచించండి. చనిపోయిన సైనికుని మనం వీరుడంటాం, పూలదండ వేస్తాం, ఉపన్యాసం ఇస్తాం. ఆయన ఏ లోపమూ లేనివాడన్నట్లు మాట్లాడతాం. శ్రీసభ మాత్రం ఆయన కోసం ప్రార్థిస్తుంది. ప్రార్థన అవసరమైన మనిషిగా చూడటంలోనే నాకు ఎక్కువ గౌరవం కనిపిస్తుంది. దండ మరునాటికి వాడిపోతుంది గదా!

నవంబరు 2న గురువులు మూడు పూజలు చేయడం మీరు చూసే ఉంటారు. దాని వెనుకా యుద్ధమే ఉంది. అంతకు ముందు ఈ అనుమతి స్పెయిను, పోర్చుగలు వంటి కొన్ని చోట్లకే ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో యువకులు వేలకు వేలుగా చనిపోతుంటే, 1915 ఆగస్టు 10న పదిహేనవ బెనెడిక్టు పోపుగారు ఆ అనుమతిని లోకమంతటికీ ఇచ్చారు. ఆ యుద్ధంలో 74 వేలమందికి పైగా భారత సైనికులు చనిపోయారు. మన హైదరాబాదు సంస్థానపు అశ్వికదళం, హైదరాబాద్ లాన్సర్స్, పవిత్ర భూమిలోనే సేవ చేసింది. 1918 సెప్టెంబరు 23న కర్మెలు కొండ పాదాల దగ్గరి హైఫా పట్టణాన్ని పట్టుకున్న జోధ్‌పూర్, మైసూరు దళాలు మనవారి బ్రిగేడులోనివే. ఢిల్లీలో 1922 నాటి తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాదు సంస్థానానికి గుర్తు. కర్మెలు మాత ఉత్తరీయం ధరించే మనలో ఈ సంగతి ఎందరికి తెలుసు?

అంత దూరం ఎందుకు, మన నగరపు వీరుడు మేజర్ పద్మపాణి ఆచార్యను తీసుకోండి. ఉస్మానియాలో చదివినవాడు, 2వ రాజపుటానా రైఫిల్స్ అధికారి. తండ్రిగారు వైమానిక దళంలో పనిచేసి రిటైరైనవారు. 1999 జూన్ 28న కార్గిల్ యుద్ధంలో ద్రాస్ ప్రాంతపు లోన్ హిల్ మీద శత్రు స్థావరాన్ని పట్టుకునే పని ఆయన కంపెనీకి అప్పగించారు. ముందు వెళ్ళిన ప్లటూనులో చాలామంది పడిపోయారు. ఆచార్య రిజర్వు ప్లటూనును వెంటబెట్టుకుని గుళ్ళవర్షంలోకి స్వయంగా నడిచాడు. ఒంటినిండా తూటాలు దిగి కదలలేని స్థితిలో, తనను అక్కడే వదిలేసి ముందుకు పొమ్మని తన వారికి ఆజ్ఞ ఇచ్చాడు. స్థావరం చేజిక్కింది. ఆయన అక్కడే కన్నుమూశాడు. దేశం ఆయనకు మహావీర చక్ర ఇచ్చింది.

దానికి కొద్ది రోజుల ముందే తండ్రిగారికి ఒక ఉత్తరం రాశాడు. గర్భవతియైన తన భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమనీ, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బుతాయనీ అందులో కోరాడు. ఆయన పోయిన తర్వాతే కూతురు పుట్టింది.

"ఆయన క్రైస్తవుడు కాడు గదా, మన పూజలో ఆయన పేరు తలవవచ్చా?" అని కొందరికి సందేహం. తలవవచ్చు. నాలుగవ కృతజ్ఞతా ప్రార్థనను శ్రద్ధగా వినండి. క్రీస్తునందు మరణించినవారితో పాటు, ఎవరి విశ్వాసం దేవునికి మాత్రమే తెలుసో ఆ మృతులందరినీ అక్కడ శ్రీసభ స్మరిస్తుంది. మక్కబీయుడు తాయెత్తులు కట్టుకున్నవారి కోసమే బలి అర్పింపజేశాడు. నిర్మల మనస్సుతో కర్తవ్యం చేసి, తన వారిని ముందుకు పంపి తాను మిగిలిపోయిన మనిషి కోసం ప్రార్థించడానికి మనం వెనుకాడటం దేనికి?

ఇది యుద్ధాన్ని పొగడటం అవుతుందా? కాదు. 1965లో రెండవ వాటికన్ మహాసభ ఈ విషయమై సూటిగానే మాట్లాడింది. దేశ సేవకై సైన్యంలో చేరినవారు ప్రజల భద్రతకూ స్వేచ్ఛకూ సేవకులనీ, ఆ పనిని సక్రమంగా చేస్తే శాంతికి తోడ్పడుతున్నారనీ చెప్పింది. అన్యాయమైన ఆజ్ఞకు గుడ్డిగా లోబడటం నేరమనీ అక్కడే చెప్పింది. స్నాపక యోహాను తన దగ్గరికి వచ్చిన సైనికులను ఉద్యోగం మానమనలేదు. ఎవరినీ బెదిరించి సొమ్ము గుంజవద్దనీ, జీతంతో తృప్తి చెందమనీ అన్నాడు (లూకా 3:14). దివ్యసత్ప్రసాదం స్వీకరించే ముందు మనం పలికే మాటలు ఒక శతాధిపతి విశ్వాసంలో నుండి వచ్చినవే. మరోవైపు, ఆయుధం పక్కనపెట్టిన పునీత మార్టినును కూడా శ్రీసభ గౌరవిస్తుంది. ఆయన పండుగ నవంబరు 11. 1918లో మహాయుద్ధం ఆగిపోయిందీ అదే తేదీన.

ఇక బ్రతికి ఉన్నవారి సంగతి. మన దేశంలో జనవరి 14న మాజీ సైనికుల దినం జరుపుతారు. ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన రోజది. మన పేటలో సంక్రాంతి గాలిపటాల సందడిలో అది ఎవరికీ గుర్తుండదు. ఆ రోజు విచారణ యువత ఒక మాజీ సైనికుని ఇంటికి వెళ్తే బాగుంటుంది. శాలువా కప్పి ఫోటో దిగి వచ్చేయకండి, కూర్చోండి. "ఎంతమందిని చంపారు తాతా?" అనే ప్రశ్న మాత్రం వేయవద్దు, పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్ళండి. "మీతో పనిచేసి తిరిగి రానివాళ్ళు ఎవరు?" అని అడగండి. ఆయన చెప్పకపోతే బలవంతం చేయవద్దు. చెబితే, ఆ పేర్లు రాసుకుని విచారణ గురువులకు ఇవ్వండి. ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో, స్వాతంత్ర్యం తర్వాత నేలకొరిగిన 25 వేలమందికి పైగా సైనికుల పేర్లు రాళ్ళపై చెక్కారు. మన విశ్వాసుల ప్రార్థనల్లో ఒక్క పేరు చదవడానికి అర నిమిషం చాలు.

మరొక పని కూడా ఉంది. చిన్నదే అయినా వృద్ధులకు పెద్ద బరువు. పెన్షను ఆగకుండా ఉండాలంటే ఏటా జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. చాలామంది నవంబరులోనే ఇస్తారు. వయస్సు మీదపడి వేలిముద్రలు అరిగిపోతే యంత్రం గుర్తుపట్టదు. ముఖం చూపించి ఫోనులోనే పూర్తిచేసే సదుపాయం 2021 నుండి ఉంది. ఇది మీ ఇంట్లోని ఇంటర్ కుర్రవాడు పది నిమిషాల్లో చేయగలడు. ముఖ్యంగా కుటుంబ పెన్షను మీద ఒంటరిగా బ్రతుకుతున్న సైనికుల భార్యల తలుపు తట్టండి. కాగితాల్లో పేరు తేడాగా ఉన్నా, పెన్షను ఆగిపోయినా, ఆ తల్లిని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడుండి తీసుకెళ్ళండి. వెళ్ళేటప్పుడు భర్తగారి డిశ్చార్జి పుస్తకం, పెన్షను ఉత్తర్వు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, వీటన్నిటి నకళ్ళూ సంచిలో పెట్టుకోవడం మరవకండి.